సముద్రం దాటిన హ్యూగో చిన్నకూతురు

కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో పేరు పాత సినిమాలు చూసిన తెలుగువాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు నడిపిన ఆ సంస్థ 1950లో ఒకే కథని తమిళంలో ‘ఏళై పడుం పాడు’గా, తెలుగులో ‘బీదలపాట్లు’గా తీసింది. రెండింట్లోనూ హీరో మన చిత్తూరు నాగయ్యే. తమిళంలో పోలీసు అధికారి వేషం వేసిన సీతారామన్‌కి ఆ పాత్ర పేరే ఇంటిపేరై, చివరిదాకా జావర్ సీతారామన్‌గానే మిగిలిపోయారు. 1972లో అక్కినేనితో విఠలాచార్య మళ్లీ ‘బీదలపాట్లు’ తీశారు. ఆ కథకి మూలం ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో వెలువరించిన ‘లే మిజరాబ్ల్’. యానాంలో ఫ్రెంచి చదువు చదివిన పాతతరానికి ఆయన్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు.

దిక్కులేని ఆడపిల్లని ఒక పెద్దాయన చేరదీసి కంటికి రెప్పలా పెంచడం ఆ నవలలో గుండెకాయలాంటి ఘట్టం. అది అచ్చయిన మరుసటి ఏడాదే హ్యూగో సొంత కూతురు ఇంట్లో చెప్పకుండా ఓడెక్కి వెళ్లిపోయింది. తనని వద్దన్న ఒక సైనికాధికారి కోసం అట్లాంటిక్ సముద్రం దాటింది. తొమ్మిదేళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి ఆమెకి మతి నిలకడగా లేదు. ఆమె పేరు అడెల్ హ్యూగో. ప్రేమ ఎక్కడ ఆగిపోతుందో, పిచ్చి ఎక్కడ మొదలవుతుందో మాట్లాడుకునేటప్పుడు ఇప్పటికీ మొదట వినిపించే పేర్లలో ఆమెది ఒకటి.

పెద్దింటి పిల్ల

1830 జులై చివర్లో పుట్టింది అడెల్. పారిస్ వీధుల్లో తిరుగుబాటు జరుగుతున్న రోజులవి. ఐదుగురు పిల్లల్లో ఆఖరుది. తల్లి పేరు కూడా అడెలే.

ఈ పిల్ల పుట్టకముందే ఆ ఇంట్లో ప్రేమ ఒకరిని మింగేసింది. విక్టర్ హ్యూగో అన్న యూజీన్ కూడా తమ్ముడి కాబోయే భార్య మీదే మనసు పడ్డాడంటారు. 1822లో పెళ్లి జరిగిన రోజునే అతనికి మతి చలించింది. ఆ తర్వాత మామూలు మనిషి కాలేక 1837లో షారెంటన్ పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. ఈ సంగతి ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, అడెల్ జబ్బుకి మూలం ఆ రక్తంలోనే ఉందని తర్వాతి వాళ్లు చాలామంది అనుమానించారు. ఆమెది ఉత్త ప్రేమ పిచ్చి మాత్రమే అని సరిపెట్టేవాళ్లు ఈ బాబాయి... కాదు, పెదనాన్న కథని మర్చిపోతుంటారు.

ఇంట్లో మిగతా సంగతులూ అంతంత మాత్రమే. అడెల్‌కి జ్ఞానస్నానం నాడు గాడ్‌ఫాదర్‌గా నిలబడ్డ విమర్శకుడు సాంత్ బవ్‌కీ, ఆమె తల్లికీ మధ్య ప్రేమ నడిచింది. తండ్రి 1833లో జూలియెట్ ద్రూయే అనే నటిని చేరదీశాడు. జూలియెట్ నాటకాలు మానేసి, బయటికి వెళ్లడం మానేసి, యాభై ఏళ్లపాటు హ్యూగో కోసమే బతికింది. ఆయనకి రాసిన ఉత్తరాలు 20 వేలకు పైమాటే. ఆయన ఏ ఊరికి వెళితే అక్కడ పక్కవీధిలో కాపురం. ఒక మగవాడి కోసం ఒక ఆడది తన బతుకంతా రాసిచ్చెయ్యడం అడెల్ చిన్నప్పట్నుంచీ ఎరిగిన విషయమే. తండ్రి విషయంలో దాన్ని లోకం గొప్ప ప్రేమ అంది.

1843 సెప్టెంబర్‌లో పిడుగు పడింది. అక్క లియోపోల్డీన్ కొత్త పెళ్లికూతురు. సెన్ నదిలో పడవ తిరగబడి విల్కియే ఊరి దగ్గర మునిగిపోయింది. కాపాడబోయిన భర్త షార్ల్ వాక్రీ కూడా ఆమెతోపాటే పోయాడు. లియోపోల్డీన్ తండ్రికి ప్రాణం. ఆయన ఆ దుఃఖంలోంచి ఏళ్ల తరబడి బయటపడలేదు. అప్పటికి అడెల్‌కి పదమూడేళ్లు. పోయిన అక్క నీడలోనే ఆ పిల్ల పెరిగింది.

అడెల్ చక్కని పిల్ల. పియానో బాగా వాయించేది, సొంతంగా బాణీలు కట్టేది. బావ తమ్ముడు ఆగస్ట్ వాక్రీ ఆమెని ఇష్టపడ్డాడు. ఇంట్లో అందరికీ కావలసినవాడు. ఆమె కాదంది.

దీవిలో దినచర్య

1851 డిసెంబర్‌లో లూయీ నెపోలియన్ సైన్యం సాయంతో అధికారం లాక్కున్నాడు. ఎదురుతిరిగిన హ్యూగో దేశం వదలాల్సి వచ్చింది. 1852లో కుటుంబం జెర్సీ దీవికి చేరింది. అక్కణ్నుంచి 1855లో గెర్న్సీకి మారింది. రెండూ ఫ్రాన్సు పక్కనే ఉన్నా ఇంగ్లండు రాణి కింద ఉన్న దీవులు. తండ్రికి అది పోరాటం. ఇంటిపై అంతస్తులో అద్దాల గది కట్టించుకుని, సముద్రాన్ని చూస్తూ నిలబడి రాసేవాడు. ఆయన పెద్ద పుస్తకాలు చాలావరకు అక్కడ తయారైనవే. మరి ఇరవై ఏళ్లు దాటిన ఆడపిల్లకి అక్కడేముంది? గాలి, వాన, తండ్రి మాటలు రాసిపెట్టడం... అంతే. ఇంట్లో జరిగేదంతా అడెల్ డైరీలో ఎక్కించేది. పిల్ల వాడిపోతోందని తల్లి మొత్తుకుంది. 1858లో కొన్నాళ్లు పారిస్ కూడా తీసుకెళ్లింది. పెద్దగా ఫలితం లేకపోయింది.

జెర్సీలోనే పరిచయమయ్యాడు ఆల్బర్ట్ పిన్సన్ అనే ఇంగ్లిషు కుర్రాడు. పోయిన లియోపోల్డీన్‌తో మాట్లాడాలని హ్యూగో ఇంట్లో 1853 నుంచి బల్ల చుట్టూ కూర్చుని ఆత్మలని పిలిచే తతంగం నడిచేది. ఆ బల్ల దగ్గరికి పిన్సన్ కూడా వచ్చేవాడు. మనిషి షోకైనవాడు. జేబులో డబ్బు నిలవదు.

మొదట పెళ్లి మాట ఎత్తింది పిన్సనే అంటారు. కాదన్నది అడెలే. తర్వాత ఆమె మనసు మార్చుకుంది. అప్పటికి అతని మనసు కూడా మారింది. పటాలంలో చేరి ఇంగ్లండు వెళ్లాడు, ఐర్లండు వెళ్లాడు. దూరమైనకొద్దీ మర్చిపోవడం లోకరీతి. అడెల్ విషయంలో తిరగబడింది. అతను దగ్గర లేడు కాబట్టి అతను ఎలాంటివాడో గుర్తుచేసేవాళ్లూ లేరు. ఊహలో ఉన్న పిన్సన్‌కి అడ్డం చెప్పేందుకు నిజం పిన్సన్ ఎదురుగా లేడు. ఏడేళ్లు, ఎనిమిదేళ్లు ఆ ఊహ అలాగే ముదిరింది.

డైరీలో అతని గురించి రాసేచోట్ల అక్షరాలు తిరగేసి, ఎవరికీ అర్థంకాని గుప్తలిపిలో రాసుకునేది. పుట్టింటివాళ్లని, సముద్రాన్ని దాటి ప్రియుడి దగ్గరికి ఒంటరిగా వెళ్లే ఆడదాన్ని తానవుతానని గర్వంగా రాసుకుంది.

హాలిఫాక్స్

1863 జూన్‌లో గెర్న్సీలో బయల్దేరింది. పారిస్‌లో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్తున్నానని చెప్పింది. వెళ్లింది ఇంగ్లండుకి. అక్కణ్నుంచి ఓడ మీద న్యూయార్క్, న్యూయార్క్ నుంచి కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్. పిన్సన్ ఉన్న 16వ పదాతి దళం అప్పుడు అక్కడుంది. ఆమెకి ముప్పై మూడేళ్లు నిండబోతున్నాయి.

పిన్సన్ తలుపు తియ్యలేదు. ఇక్కడే ఈ కథలో అసలు సంగతి ఉంది. మామూలు మనిషి అయితే ఏడుస్తాడు, తిడతాడు, నాలుగు నెలలకో ఏడాదికో తిరిగొస్తాడు. అడెల్ తిరిగి రాలేదు. పెళ్లయిపోయిందని ఇంటికి ఉత్తరం రాసింది! ఇంట్లో వాళ్లు నమ్మారు. విక్టర్ హ్యూగో కుమార్తెకి, ఆల్బర్ట్ పిన్సన్‌కి వివాహమైందని అక్టోబర్‌లో గెర్న్సీ పత్రికలో ప్రకటన కూడా వచ్చింది. తర్వాత నిజం బయటపడింది. పెళ్లీ లేదు, పెళ్లికొడుకూ లేడు.

ఒక్క క్షణం ఆ ఇంటి పరిస్థితి ఊహించండి. యూరప్ అంతా తెలిసిన పేరు. ఎక్కడ అన్యాయం జరిగినా ముందు నిలబడి రాసే మనిషి. కూతురు పెళ్లి అబద్ధమని ఊరికి ఎలా చెప్పడం? హ్యూగో కుటుంబం ఆ రోజుల్లో ఏ పరువుగల కుటుంబమైనా చేసే పనే చేసింది. గుట్టు కాపాడుకుంది. నెలనెలా డబ్బు పంపింది. తిరిగి రమ్మని ఉత్తరాలు రాసింది. షేక్‌స్పియర్ నాటకాలు ఫ్రెంచిలోకి అనువదిస్తూ ఊపిరి సలపని అన్న ఫ్రాన్సువా విక్టరే ఎక్కువగా ఆ ఉత్తరాల పని చూసుకునేవాడు. హాలిఫాక్స్‌లో ఆమెకి గది అద్దెకిచ్చిన ఇంటివాళ్లు మాత్రం మంచివాళ్లు. పిల్ల సరిగా తినడంలేదు, ఒంటిమీద బట్ట సరిగా చూసుకోవడంలేదు అని ఉత్తరాలు రాశారు. అన్నీ తెలిశాయి. మూడేళ్లలో ఓడెక్కి వెళ్లి చెయ్యిపట్టుకుని తీసుకొచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

తప్పంతా తండ్రిదే అనడం సులువు. ఆమె మాత్రం వస్తుందా? రాదు. అయినా డబ్బు పంపడం వేరు, మనిషి వెళ్లడం వేరు.

ఆమె వేరే పేరుతో అక్కడ బతికేది. రోజంతా గదిలో కూర్చుని కాగితాలు నింపేది. సాయంత్రాలు పిన్సన్ తిరిగే దారుల్లో నిలబడేది. హిప్నటిజం చేసేవాణ్ని పట్టుకుని, పిన్సన్‌కి స్పృహ లేకుండా చేసి పెళ్లి జరిపించెయ్యాలని కూడా ఆలోచించిందని చెబుతారు. ఈ ఒక్క ముక్క చాలు. ఆమెకి కావలసింది అతని ఇష్టం కాదు. అతను స్పృహలో లేకపోయినా పర్వాలేదు. పెళ్లి అనే తంతు జరిగితే చాలు, తన మనసులో ఉన్న కథ నిజమైపోతుంది.

పిన్సన్ వైపు నుంచి ఆలోచించేవాళ్లు తక్కువ. అతనేం మహాత్ముడు కాడు. ఆశ పెట్టి వదిలేశాడన్న మాటా ఉంది. కానీ వద్దని చెప్పిన మనిషి ఊరూరా వెంటపడితే, దారి కాస్తే, పెళ్లయిందని పత్రికకెక్కితే ఎవరికైనా నరకమే. మన దగ్గర సినిమా హీరో ఇదే పని చేస్తాడు. కాలేజీ గేటు దగ్గర కాపు కాస్తాడు, బస్సు వెంట పరిగెత్తుతాడు, వద్దన్నకొద్దీ పాట పాడతాడు. మూడో రీలుకి అమ్మాయి ఒప్పుకుంటుంది. హాల్లో ఈలలు. ఆడమనిషి వద్దంటున్నా మగవాడు వెంటపడటాన్ని 2013లో మన చట్టం నేరంగా రాసింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. సినిమాలకి ఆ కబురు ఇంకా పూర్తిగా చేరినట్టు లేదు.

డాక్టర్లు ఏమంటారు?

అడెల్ పోయిన ఆరేళ్లకి, 1921లో, పారిస్ పోలీసుల ప్రత్యేక ఆసుపత్రిలో పనిచేసే క్లెరాంబో అనే మానసిక వైద్యుడు ఇలాంటి రోగుల గురించి వివరంగా రాశాడు. ఆయన చూసినవాళ్లలో ఒకావిడ ఇంగ్లండు రాజు ఐదో జార్జి తనని ప్రేమిస్తున్నాడని నమ్మేది. లండన్ వెళ్లి రాజభవనం బయట నిలబడేది. కిటికీ తెర కదిలితే రాజు తనకి సైగ చేస్తున్నాడనుకునేది. ఈ జబ్బుకి ఎరోటోమేనియా అన్న పాత పేరుంది. క్లెరాంబో పేరుతోనూ పిలుస్తారు.

ఆయన గమనించిన సంగతి ఇది. ఈ రోగి తాను ప్రేమిస్తున్నాననుకోదు. అవతలివాడే ముందు తనని ప్రేమించాడనుకుంటుంది. ఆ పునాదిరాయి పడ్డాక దేన్నైనా దానిమీదే పేరుస్తుంది. అతను మాట్లాడకపోతే ఎవరికో భయపడి మాట్లాడలేదు. కసిరితే పరీక్ష పెడుతున్నాడు. వేరే పెళ్లి చేసుకుంటే బలవంతం మీద చేసుకున్నాడు. కాదు అన్న మాటకి ఆ మనసులో చోటే ఉండదు. అది మొదట ఆశగా ఉంటుంది, తర్వాత ఉక్రోషం, ఆ తర్వాత పగ. కొందరిలో ఆ పగ ప్రాణాల మీదికి తెస్తుంది.

అడెల్‌ని క్లెరాంబో చూడలేదు. ఆమె జబ్బు సరిగ్గా ఈ మూసలో ఇమడదు కూడా. పిన్సన్ ఒకప్పుడు నిజంగానే దగ్గరయ్యాడు కదా! చెవిలో గొంతులు వినిపించేవని ఇంట్లోవాళ్లు చెప్పినదాన్నిబట్టి, అది స్కిజోఫ్రెనియా అయ్యుండొచ్చని ఇప్పటి డాక్టర్లు కొందరు అంటారు. అంటే ప్రేమ వల్ల పిచ్చి రాలేదేమో, వస్తున్న పిచ్చికి ప్రేమ ఒక ఆకారం ఇచ్చిందేమో.

జబ్బు దాకా వెళ్లనివాళ్లు మన చుట్టూ బోలెడుమంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డొరోతీ టెన్నోవ్ 1979లో ఒక పుస్తకం రాసి, ఈ స్థితికి లిమరెన్స్ అని పేరు పెట్టింది. ఇరవై నాలుగ్గంటలూ ఒకే మనిషి తలపులో తిరగడం, ఫోను మోగితే గుండె ఆగిపోవడం, ఓ చిన్న చిరునవ్వు మీద వారం రోజులు బతికెయ్యడం. దీనికి మేత ఏమిటో కూడా ఆమె చెప్పింది. పూర్తిగా దొరికితే ఆ మంట నెమ్మదిస్తుంది. పూర్తిగా దొరకదని తేలిపోయినా నెమ్మదిస్తుంది. దొరుకుతుందో లేదో తెలియని ఊగిసలాటలోనే అది ఎదుగుతుంది. అందుకే నొప్పిస్తానేమో అని మెత్తగా నసిగే కంటే, స్పష్టంగా చెప్పి మాటలు ఆపెయ్యడమే అవతలివాళ్లకి మేలు. పిన్సన్ తొలిరోజుల్లో ఆ స్పష్టత చూపాడా అన్నది ఎవరూ తేల్చలేని విషయం. అడెల్ మాత్రం ఆ హద్దు ఎప్పుడో దాటేసింది. స్పష్టత కూడా ఆమెకి సైగలాగే కనిపించే దశ అది.

బ్రిడ్జ్‌టౌన్ వీధుల్లో

1866లో పటాలం వెస్టిండీస్‌లోని బార్బడోస్‌కి మారింది. అడెల్ కూడా మారింది. అక్కడ తనని మిసెస్ పిన్సన్ అని చెప్పుకుంది. ఆ ఎండలో కూడా యూరప్ చలికాలపు బరువు దుస్తుల్లోనే తనలో తాను మాట్లాడుకుంటూ వీధుల్లో తిరిగేదని చెబుతారు. 1868 ఆగస్టులో బ్రస్సెల్స్‌లో తల్లి చనిపోయింది. కూతురు రాలేదు. 1869లో పిన్సన్ బార్బడోస్ వదిలి వెళ్లిపోయాడు. 1870లో వేరే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు.

అడెల్ అక్కడే ఉండిపోయింది.

అతను లేని దీవిలో మూడేళ్లు ఉంది! అతని కోసమే వచ్చిన మనిషికి అతను వెళ్లిపోయినా తేడా పడలేదు. ఫ్రెంచి దర్శకుడు ట్రూఫో 1975లో ఆమె మీద తీసిన సినిమాలో, బార్బడోస్ వీధిలో పిన్సన్ ఎదురుపడితే అడెల్ గుర్తుపట్టకుండా పక్కనుంచి నడిచి వెళ్లిపోతుంది. ఆ సీను సినిమాది. అయినా ఆ మూడేళ్ల లెక్క చూస్తే ట్రూఫో పెద్దగా అబద్ధం ఆడలేదనిపిస్తుంది. అప్పటికి ఇరవై ఏళ్లు నిండని ఇసబెల్ అజానీ ఆ పాత్ర చేసి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

చివరికి ఆమెని ఇంటికి చేర్చింది బంధువులు కాదు. బార్బడోస్‌లోని సెలీన్ అల్వారెజ్ బా అనే నల్లజాతి స్త్రీ. ఒకప్పుడు బానిసగా బతికిన మనిషి. వీధుల్లో తిరిగే ఈ తెల్లావిడని చేరదీసి తిండి పెట్టి, ఎవరి పిల్లో కనుక్కుని, 1872 ఫిబ్రవరిలో తనే వెంట ఉండి పారిస్‌కి తీసుకొచ్చింది. దిక్కులేని పిల్లని చేరదీసే మంచి మనిషి గురించి హ్యూగో వందల పేజీలు రాశాడు. ఆయన సొంత ఇంట్లో ఆ పాత్ర వేసింది ఈవిడ. ఆమె గురించి పుస్తకాల్లో దొరికేది రెండు మూడు వాక్యాలు.

అప్పటికి హ్యూగో దేశానికి తిరిగొచ్చి ఏడాదిన్నర అయింది. పెద్దకొడుకు షార్ల్ 1871లో పోయాడు. కూతుర్ని పారిస్ శివారులోని సాంమాండేలో ఒక మానసిక చికిత్సాలయంలో చేర్పించాడు. అప్పుడప్పుడూ వెళ్లి చూసొచ్చేవాడు. 1873లో ఫ్రాన్సువా విక్టర్ కూడా పోయాడు. ఐదుగురు పిల్లల్లో తండ్రికి మిగిలింది ఈ ఒక్కతే. 1885 మేలో హ్యూగో చనిపోతే పారిస్ వీధుల్లో లక్షలమంది అంతిమయాత్రలో నడిచారు.

తండ్రి పోయాక ఆమెని సురెన్‌లోని ఇంకొక చికిత్సాలయానికి మార్చారు. డబ్బుకి లోటు లేదు. చుట్టూ తోట, గదిలో పియానో. 1872 నుంచి మొత్తం 43 ఏళ్లు ఆమె అలాంటి గోడల మధ్యే గడిపింది. పిన్సన్ వెంట తిరిగింది తొమ్మిదేళ్లు. లోకానికి గుర్తున్నది ఆ తొమ్మిదేళ్లే.

1915 ఏప్రిల్ 21న, 84 ఏళ్ల వయసులో కన్నుమూసింది. మొదటి ప్రపంచయుద్ధం జోరుగా ఉన్న రోజులు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గుప్తలిపిలో ఉన్న ఆమె డైరీని ఫ్రాన్సెస్ గీల్ అనే అమెరికన్ ప్రొఫెసరమ్మ ఓపిగ్గా విప్పి, 1968 నుంచి సంపుటాలుగా అచ్చు వేయించింది. ట్రూఫో సినిమాకి ఆధారం అదే. తండ్రి పద్యాలకి అడెల్ కట్టిన బాణీల కాగితాలు కూడా బయటపడ్డాయి. ఇటీవలి ఏళ్లలో వాటిని వాద్యబృందంతో రికార్డు చేశారు.

హ్యూగో సమాధి పారిస్‌లో, దేశంలోని మహానుభావుల్ని ఉంచే పాంథియన్‌లో ఉంది. అడెల్‌ని విల్కియేలో, నదిలో పోయిన అక్క పక్కన, తల్లి పక్కన పెట్టారు.